ఫోర్ ట్వంటీ ఉక్కు దిగ్విజయం

వాగ్దేవికి నమస్కారం. తల్లీ, ఈ కథ చెప్పి ముగించేదాకా నా నాలుక తడి ఆరకుండా, ఉదయగిరిలో కరెంటు పోకుండా చూడు. మిగిలింది నేను చూసుకుంటాను.

కలియుగంలో, సెల్‌ఫోన్ శకంలో, రోహిణి కార్తె మూడోనాడు, బుధవారం, సహస్రకిరణుడు తన వెయ్యి కిరణాల్లో ఒక్కటైనా దాచుకోకుండా నెల్లూరు జిల్లా పడమటి మెట్ట మీదే కుమ్మరిస్తుండగా, ఒకనాడు గజపతులకూ రాయలకూ మధ్య మహాసమరం చూసిన ఉదయగిరి దుర్గం ఆ ఎండకు తాళలేక కొండ మీద మాగన్నుగా కునుకుతుండగా, ఆ కొండ కింద, దుత్తలూరు రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో, బుసకొడుతున్న బ్లోయరు ముందు, కొలిమికులతిలకుడు, సమ్మెటధారి, లారీ కమానుపట్టీల పాలిటి కాలయముడు, నలభై ఆరేళ్ళ మాల్యాద్రి తన చెమటతో తానే అభిషేకం చేసుకుంటూ నిలబడి ఉన్నాడు. అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది.

ఆత్మకూరు నుంచి రామసుబ్బమ్మ. ఆమె ఎవరనుకున్నారు? ఎనిమిదెకరాల నిమ్మతోటకు అధిపతి, పచ్చళ్ళ షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళ సేనకు సర్వసేనాని, జంబీరసామ్రాజ్ఞి. ఊరి పంచాయితీలో సర్పంచి టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల తీర్పు చెప్పేసి ఇంటికి పోయే మనిషి. మోకాళ్ళ నొప్పులు వచ్చి తన సేన యావత్తూ కత్తిపీటలు వదిలి బల్లల మీద కోయడం మొదలుపెట్టినప్పుడు, ఆమె పన్నెండు కత్తులు కావాలని మాల్యాద్రికి కబురు పెట్టింది. ఆయన చేసి ఇచ్చి పదిరోజులైంది. ఇప్పుడు ఫోనులో ఆమె అన్నది రెండే ముక్కలు.

"కత్తులు తీసకపో."

అంతే. ఫోను పెట్టేసింది. కొలిమిలో నిప్పులు ఎర్రగా ఉండగానే మాల్యాద్రి ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఆయన తాత చేసిన కత్తిగాని, నాయన చేసిన కత్తిగాని, తాను చేసిన కత్తిగాని, ఇంతవరకు ఎవరూ వెనక్కి తీసుకుపొమ్మన్నది లేదు. దుత్తలూరు, వరికుంటపాడు, మర్రిపాడు దాకా ఏ వంటింట్లో చూసినా ఈ వంశపు కత్తి ఒకటైనా గోడకు గుచ్చి ఉంటుంది. అటువంటి వంశంలో పుట్టి, ఆ మహావీరుడు బనియను మార్చుకొని ఆత్మకూరు బస్సెక్కాడు. సీటు దొరకలేదు. దుఃఖంలో ఉన్నవాడికి సీటు ఎందుకులే అనుకొని నిలబడే పోయాడు.

పచ్చళ్ళ షెడ్డులో పద్నాలుగు మందీ చేతులు ఆపి చూస్తుండగా రామసుబ్బమ్మ ఒక తట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. తట్టలో పన్నెండు కత్తులు. రణరంగంలో కూలిన శూరుల వలె ఒకదాని మీద ఒకటి పడివున్నాయి. వాటి ఒళ్ళంతా గోధుమరంగు తుప్పు. నిమ్మరసం అనే ఆమ్లాస్త్రం తగిలి, ఉప్పు అనే దాని తమ్ముడు తోడై, పదునైన ఆ అంచుల మీద చిన్నచిన్న గుంటలు తవ్వాయి. పక్కనే జాడీలో నిమ్మముక్కలు. కోసిన చోటల్లా నల్లగా ఉన్నాయి.

"ఇది పచ్చడేనా, లేకుంటే చెప్పులకేసే పాలిషా, నువ్వే చెప్పరా" అన్నది రామసుబ్బమ్మ.

మాల్యాద్రి గొంతు సవరించుకొని పదును చూడమన్నాడు. ఇట్లాంటి పదును నెల్లూరులో దొరకదన్నాడు. లారీ కమానుపట్టీ ఉక్కు, తన నాయన కాలం నుంచీ అదే వాడుతున్నామన్నాడు.

"పదును కాదన్లా. మీ నాయన కత్తితో ముప్పై ఏండ్లు వంకాయలు కోసినా. వంకాయలు వేరు, నిమ్మకాయలు వేరు. తుప్పు పట్టని కత్తి చెయ్యి, తీసుకుంటా. వచ్చే మంగళవారం దాకా చూస్తా. ఆ తర్వాత ప్యాకెట్ కత్తులు తెప్పించుకుంటా."

ప్యాకెట్ కత్తులు. పసుపుపచ్చ ప్లాస్టిక్ పిడితో, అట్టముక్కకు అతికించి, మీద నవ్వుతున్న టమాటా బొమ్మ వేసి అమ్మే కత్తులు. ఆ మాట ములికిలాగా వచ్చి మాల్యాద్రి ఛాతీలో దిగింది. ఈ షెడ్డులో ప్యాకెట్ కత్తి అడుగుపెడితే, రేపు ఈ పద్నాలుగు మంది ఇళ్ళలోకీ వస్తుంది, ఎల్లుండి వాళ్ళ ఆడబిడ్డల ఇళ్ళలోకి పోతుంది, ఏడాది తిరిగేసరికి మెట్ట సీమ మొత్తం ఆ నవ్వే టమాటా కింద పడుతుంది. తనకు మిగిలేది పారలకు కర్రలు బిగించడం.

ఆత్మకూరు బస్టాండులో సోడా తాగుతూ ఆ వీరుడు ఒక ప్రతిజ్ఞ చేశాడు. ఆయన హృదయంలో అది ఇలా మార్మోగింది: "ఓ దిక్పాలకులారా, వినుడు! ఏ లోహము ఆమ్లమునకు వెఱవదో, ఏ లోహము అంచున పదును వీడదో, ఆ లోహరాజమును సాధించి తెత్తును. తేనిచో ఈ సమ్మెటను ముట్టను, ఈ మీసమును దువ్వను!" పెదవుల మీదికి వచ్చేసరికి మాత్రం అది "సోడాలో ఉప్పు తక్కువైంది" అనే మాటగా మారింది. సోడా అంగడతను ఇంకొంచెం ఉప్పు వేశాడు.

అక్కడి నుంచి ఆయన నేరుగా చెంచురామయ్య అంగడికి నడిచాడు.

చెంచురామయ్యది ఆత్మకూరులో స్టీలు, ఇనుము, పాతసామాన్ల అంగడి. ఆ మహానుభావుడి మెడలో నల్లదారానికి ఒక అయస్కాంతం వేలాడుతూ ఉంటుంది. పాత స్పీకరులోంచి పీకిన గుండ్రటి అయస్కాంతం. ఆయన ధర్మశాస్త్రం మొత్తం అందులోనే ఉంది. అయస్కాంతం అంటకపోతే అసలు స్టెయిన్‌లెస్, అంటితే దొంగసరుకు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క సూత్రంతోనే ఆయన గిన్నెలను, బిందెలను, పెళ్ళికి వచ్చిన స్టీలు సామాన్లను, చివరికి ఒకసారి తన వియ్యంకుడు తెచ్చిన టిఫిన్ క్యారియరును పరీక్షించి తీర్పు చెప్పాడు. వియ్యంకుడు ఇప్పటికీ మాట్లాడడు.

తుప్పు పట్టని ఉక్కు కావాలని మాల్యాద్రి అడిగాడు. చెంచురామయ్య ఒక మెరిసే రేకుముక్క తీసి, అయస్కాంతం దాని మీద పెట్టి వదిలాడు. అయస్కాంతం జారి కింద పడింది. త్రీ నాట్ ఫోర్, హోటళ్ళ డేక్సాలకు వాడే సరుకు, నీ మనవలు ముసలివాళ్ళయినా తుప్పు పట్టదు అని హామీ ఇచ్చాడు. మాల్యాద్రి ఆ రేకులో తన ముఖం చూసుకున్నాడు. మీసం బాగానే ఉంది. ప్రతిజ్ఞ సగం నెరవేరినట్టే అనిపించింది.

ఇక ప్రథమ యుద్ధం వినండి.

గురువారం తెల్లవారినది మొదలు ఆ చంద్రహాసతుల్యమైన రేకును కోసి, అంచు దిద్ది, మెరుగుపట్టి, ఆయన ఒక కత్తి చేశాడు. ఆయన భార్య చెంచులక్ష్మి దానికి కొయ్యపిడి చెక్కింది. ఉదయగిరి కొండల మీది కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కడంలో ఆమె చేతికి ఎదురులేదు; భర్త కత్తులన్నిటికీ పిడులు ఆమెవే. కత్తి పూర్తయి ఆమె చేతికి వచ్చినప్పుడు వంటింట్లో వెలుగు పెరిగినట్టయింది. ఆమె నిమ్మకాయలు కోసింది. ఒకటి, రెండు, పది. మచ్చ పడలేదు. మాల్యాద్రి గడప దగ్గర కాలుమీద కాలు వేసుకొని కూర్చున్నాడు.

పదిహేనో నిమ్మకాయకు ఆమె కొంచెం గట్టిగా నొక్కవలసి వచ్చింది. ఇరవయ్యోదానికి రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. తర్వాత ఆమె ఒక టమాటా తీసి కత్తి ఆనించింది. తోలు తెగలేదు. టమాటా లోపలికి సొట్టపడి, చివరకు పక్కనుంచి పిగిలి, గింజలు ఎగిరి వీరుడి మీసం మీద పడ్డాయి.

"అన్నం కలుపుకోను బాగుంటాది" అన్నది చెంచులక్ష్మి.

మాల్యాద్రి కుపితుడై ఆ కత్తిని కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. కమానుపట్టీ అయితే ఆ దెబ్బకు రాయిలా గట్టిపడి ఉండేది. ఇది కూడా గట్టిపడి ఉంటుందని ఆకురాయి తీసుకొని అంచు మీద రుద్దాడు. ఆకురాయి సబ్బు మీద నడిచినట్టు మెత్తగా లోపలికి దిగిపోయింది. మళ్ళీ కాల్చాడు. నీళ్ళలో ముంచాడు. ఉప్పునీళ్ళలో ముంచాడు. శుక్రవారం సాయంత్రానికి షెడ్డులో ఉన్న ద్రవపదార్థాలన్నీ అయిపోయాయి, తన టీతో సహా. ఆ రేకు మాత్రం ఏ శిక్షకూ లొంగని సత్యాగ్రహి వలె మెరుస్తూ, మెత్తగా, నవ్వుతూ ఉండిపోయింది. కమానుపట్టీకి పదును ఉంది, తుప్పు పట్టింది. దీనికి తుప్పు లేదు, పదునూ లేదు. తన నాయన ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదే అని ఆయనకు మొదటిసారి బాధ కలిగింది. నాయనకు ఎవరూ నిమ్మకాయలు చూపించి నిలదీయలేదు మరి.

శనివారం పొద్దున ఆయన మళ్ళీ ఆత్మకూరులో దిగాడు. ఎక్కడికి పోవాలో తెలియక బస్టాండు పక్క టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. ఆ బల్ల రెండో కొసన, మిరపకాయబజ్జీల పొట్లం అనే యజ్ఞకుండం ముందు, కళ్ళలో నీళ్ళు కారుతున్నా చలించకుండా కూర్చొని ఉన్నాడు మోహన్‌కృష్ణ. ఐటీఐలో ఫిట్టరు పాఠాలు చెప్పే మనిషి; ఉలి, ఆకురాయి, మైక్రోమీటరు అనే త్రయీవిద్యను ఔపోసన పట్టిన బజ్జీప్రియ మహర్షి. మాల్యాద్రికి పాత పరిచయం. ముఖం చూసి ఏమైందని అడిగాడు. మాల్యాద్రి సంచిలోంచి మెత్తకత్తి తీసి బల్ల మీద పెట్టి, తుప్పు కత్తులు మొదలుకొని తన పరాజయగాథ చెప్పుకున్నాడు.

మోహన్‌కృష్ణ కత్తిని గోరుతో మీటి నవ్వాడు.

"బువ్వ వండే గిన్నెకి పదునెందుకు మాల్యాద్రీ. అది తుప్పు పట్టకుండా ఉంటే చాలు. అందుకని నికెల్ పోసి మెత్తగా చేసినారు. నువ్వు ఎంత కాల్చినా అది గట్టిపడదు. కత్తికి తుప్పు పట్టకుండా క్రోమియమూ ఉండాల, గట్టిపడేదానికి కార్బనూ ఉండాల. అట్టాంటి ఉక్కుకి అయస్కాంతం అంటుకుంటాది."

అంటుకుంటే దొంగసరుకు కదా సార్ అని మాల్యాద్రి అడిగాడు. గిన్నెల అంగట్లో చెప్పే మాట కత్తులకు వర్తించదని, నీకు కావలసిందే అంటుకునేదని మోహన్‌కృష్ణ చెప్పాడు. దాని పేరేమిటని అడిగితే బజ్జీల కాగితం మీద నూనె లేని చోటు చూసి పెన్నుతో మూడంకెలు వేశాడు. 4, 2, 0.

మాల్యాద్రి ఆ అంకెల వైపు చూశాడు. మహర్షి వైపు చూశాడు. నమ్మి బాధ చెప్పుకుంటే ఇట్లా ఎగతాళి చేస్తారా అని ఆయన చెవులు వేడెక్కాయి. లేచి పోబోతుంటే మోహన్‌కృష్ణ చొక్కా పట్టుకొని కూర్చోబెట్టాడు. ఇది మోసగాళ్ళ నంబరు కాదని, స్టీలు రకానికి పెట్టిన నంబరని, ప్రపంచమంతా కత్తులు, కత్తెరలు ఈ జాతి ఉక్కుతోనే చేస్తారని, పెట్టినవాళ్ళకు మన సెక్షన్ల సంగతి తెలియదని ఒట్టు వేసి చెప్పాడు. తర్వాత కాల్చే పద్ధతి చెప్పాడు. నారింజరంగు దాటి ఇంకా కాలాలి, అయిదు నిమిషాలు ఆ వేడిలోనే నిలపాలి, నూనెలో ముంచాలి.

"ముంచినాక రెండొందల డిగ్రీల్లో రెండు గంటలు పెట్టు. మర్చిపోతే అది గాజుముక్కే" అని, ఉపదేశం ముగించి బజ్జీల వైపు తిరిగాడు.

మాల్యాద్రి మొదటి సగం మనసులో చెక్కుకున్నాడు. రెండో సగం వినేసరికే ఆయన కాళ్ళు చెంచురామయ్య అంగడి వైపు పరుగెడుతున్నాయి.

ద్వితీయ యుద్ధం అంగడి ముంగిట జరిగింది. పెళ్ళికి బిందెలు కొనడానికి వచ్చిన ఒక కుటుంబం, ఆటో దిగిన ఇద్దరు, ఎదురంగడి దర్జీ చూస్తుండగా, మాల్యాద్రి గుమ్మంలో నిలబడి, ఊపిరి ఎగబోస్తూ, అన్నా, నీ దగ్గర ఫోర్ ట్వంటీ సరుకు ఉండాదా అని పెద్దగొంతుతో అడిగాడు.

బిందెలు చూస్తున్నవాళ్ళు బిందెలు కింద పెట్టారు.

చెంచురామయ్య లేచాడు. ప్రళయకాలపు సముద్రం లేచినట్టు లేచాడు, తూకం రాళ్ళు రెండు దొర్లిపడ్డాయి. మెడలోని అయస్కాంతాన్ని పిడికిట పట్టి, ఇరవై ఏళ్ళ తన వ్యాపారధర్మాన్ని, తన తండ్రి పేరును, తన అంగట్లో సరుకు కొని సుఖంగా కాపురాలు చేస్తున్న దంపతుల సంఖ్యను ఏకరువు పెట్టి, నడిబజారులో తనను మోసగాడనే మొనగాడు ఈ తాలూకాలో ఇంకా పుట్టలేదని గర్జించాడు. మాల్యాద్రి నంబరన్నా, స్టీలు నంబరు అని ఎంత మొత్తుకున్నా ఆ గర్జనలో వినపడలేదు. అప్పుడా కొలిమివీరుడు బజ్జీల కాగితాన్ని పాశుపతాస్త్రం వలె పైకెత్తి చూపాడు. మోహన్‌కృష్ణ సార్ రాసిచ్చినాడు అన్నాడు. ఆ పేరు విని చెంచురామయ్య తగ్గాడు. ఆయన పెద్దకొడుకు ఐటీఐలో ఫిట్టరు ఫెయిలవకుండా బయటపడింది ఆ మహర్షి దయవల్లనే.

కాగితం చదివాడు. చదివేసరికి ముఖం రంగు మారింది. బిందెలవాళ్ళను కాసేపు కూర్చోమని, మాల్యాద్రి భుజం మీద చెయ్యి వేసి పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ నీళ్ళ డ్రమ్ము కింద ఒక రేకు ఉంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మంచి మందం.

"నాలుగేండ్ల కిందట మద్రాసు లోడులో వచ్చింది. అయస్కాంతం అంటుకునింది. మీద నంబరు చూస్తే అదీ. నన్ను మోసం చేసింది చాలక రాసి కూడా పంపినారే అనుకున్నా. ఎవురికన్నా తెలిస్తే పరువు పోతాదని అంకెలు కిందికి తిప్పి డ్రమ్ము పెట్టినా."

ఇద్దరూ కలిసి డ్రమ్ము దొర్లించారు. నాలుగేళ్ళు నీళ్ళు కారి, నాచు పట్టి, మట్టి పేరుకున్న ఆ రేకును మాల్యాద్రి తువ్వాలుతో తుడిచాడు. కింద తెల్లటి ఉక్కు. డ్రమ్ము కింద ఆనించిన ఇనుపకడ్డీలు పొడి పొడిగా రాలిపోతున్నాయి. రేకు మీద తుప్పు మచ్చ లేదు. మాల్యాద్రి ఒళ్ళు ఝల్లుమంది. చెంచురామయ్య వంగినప్పుడు ఆయన మెడలోని అయస్కాంతం తనంతట తానే వచ్చి రేకుకు టక్కున అతుక్కుంది. ఆ పెద్దమనిషి దాన్ని ఊడదీసుకోవడానికి మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ శాస్త్రంతో సహా ఆయన ఒక రేకు ముందు తల వంచడం ఆ ఊళ్ళో చూసినవాడు మాల్యాద్రి ఒక్కడే. ఆ రేకును ఇనుము ధరకే ఇస్తానని, ఇక్కడ కొన్నానని మాత్రం ఎవరికీ చెప్పవద్దని చెంచురామయ్య మాట తీసుకున్నాడు.

ఉదయగిరి బస్సులో ఆ రేకును నిలబెట్టి పట్టుకున్నాడు మాల్యాద్రి. తువ్వాలు కప్పాడు గాని, నెల్లూరుపాలెం దాటేసరికి గాలికి తువ్వాలు జారింది. అంకెలు బయటపడ్డాయి. ముందు సీటు పిల్ల చదివి నవ్వింది. కండక్టరు చదివి, నీకు టికెట్టు ముందే కొట్టాల్సింది అన్నాడు. బస్సులో సగం మంది వెనక్కి తిరిగారు. ఆ వీరుడు కురుసభలో నిలబడ్డవాడిలా తలవంచుకున్నాడు. అప్పుడు వెనక సీట్లో, కోర్టు పనిమీద వచ్చిపోతున్న ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకొని, ఆ సెక్షన్ ఇప్పుడు లేదని, కొత్త చట్టంలో మోసానికి మూడొందల పద్దెనిమిది అని, ఈ అంకె ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చునని విడమరిచి చెప్పాడు. బస్సు శాంతించింది. న్యాయశాస్త్రం మనిషికి ఇంత ప్రత్యక్షంగా ఉపయోగపడటం మాల్యాద్రి అదే మొదటిసారి చూడటం.

ఆదివారం తృతీయ యుద్ధం. సమ్మెట, ఉలి, గ్రైండరు అనే త్రివిధాయుధాలతో ఆ రేకులోంచి రెండు కత్తులు కోసి, దిద్ది, మొదటిదాన్ని పటకారుతో పట్టి కొలిమిలోకి దించాడు. ఎరుపు, నారింజ, ఆపైన సాయంకాలపు సూర్యుడికి కూడా చేతకాని ఒక రంగు. అయిదు నిమిషాలు. తర్వాత నూనెలో. షెడ్డంతా పొగ కమ్మింది. చల్లారిన కత్తి మీద ఆయన ఆకురాయి ఆనించి లాగాడు. ఆకురాయి జారిపోయింది. మళ్ళీ లాగాడు. మంచుగడ్డ మీద గాజు జారినట్టు జారింది, గీత పడలేదు.

అప్పుడు మాల్యాద్రి చేసిన సింహనాదానికి దుర్గం కొండ మీద కోతులు లేచి చూశాయంటారు. చెంచులక్ష్మిని పిలిచాడు. నూనెలో వేసిన కత్తి గట్టిదనం చూడమని, విజయగర్వంతో దాన్ని దాగలి దిమ్మ మీద టింగుమని ఒక్క దెబ్బ కొట్టాడు.

కత్తి రెండు ముక్కలైంది. ఒక ముక్క ఆయన చేతిలో ఉంది. రెండోది పోయి సున్నం తొట్టిలో పడింది.

 వీరుడు దాగలి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎదురుగా కమానుపట్టీల కుప్ప. పారకర్రలు బిగించడమే తన నుదుట రాసి ఉందేమో అనుకున్నాడు. చెంచులక్ష్మి ఆ ముక్క తెచ్చి విరిగినచోట వేలితో తడిమి, సార్ ఇంకేం చెప్పినాడో ఒకసారి గుర్తుచేసుకొమ్మని అడిగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. బజ్జీలు గుర్తొచ్చాయి, మిరపకాయ వాసన గుర్తొచ్చింది, దాని తర్వాత గాజుముక్క అనే మాట గుర్తొచ్చింది, దాని ముందు రెండు వందల డిగ్రీలు గుర్తొచ్చాయి.

"రెండొందల డిగ్రీలంటే బేకరీ పొయ్యే గదా" అన్నది చెంచులక్ష్మి. "రజినిని అడుగుతా పద."

రజిని బేకరీ నడిపే ఆడమనిషి, చెంచులక్ష్మికి చిన్ననాటి నేస్తం. సోమవారం మధ్యాహ్నం, కాల్చి నూనెలో ముంచిన రెండో కత్తిని గుడ్డలో చుట్టుకొని దంపతులిద్దరూ వెళ్ళేసరికి ఆమె గుడ్డు పఫ్‌లు పొయ్యిలో పెడుతూ ఉంది. కత్తి పెట్టాలంటే మొదట ఒప్పుకోలేదు. నూనె వాసన పఫ్‌లకు పడుతుందన్నది. మాల్యాద్రి దాన్ని సబ్బుతో మూడుసార్లు కడిగి చూపించాడు. చెంచులక్ష్మి పాత స్నేహాన్ని, ఒక పెళ్ళిలో తాను ఇచ్చిన చీరను గుర్తుచేసింది. చివరకు పై అరలో, పఫ్‌ల ట్రేకు దూరంగా, ఆ ఉక్కు తపస్సులో కూర్చుంది.

రెండు గంటలు. లోహలోకంలో ఎన్నో శస్త్రాలు గంగలో మునిగి, రక్తంలో తడిసి పదునెక్కాయి. ఈ ఒక్క శస్త్రం మాత్రం పఫ్‌ల మధ్య పక్వమైంది. మాల్యాద్రి గడియారం వంక చూస్తూ మూడు పఫ్‌లు తిన్నాడు, ఆకలి వల్ల కాదు, చేతులు ఊరికే ఉండలేక. పొయ్యి తెరిస్తే కత్తి లేత గడ్డిరంగు తేలి బయటికి వచ్చింది. ఈసారి ఆయన దాగలి జోలికి పోలేదు. కొనను చెక్కలో గుచ్చి మెల్లగా వంచాడు. కొంచెం వంగింది. వదిలితే తిన్నగా నిలబడింది. ఆయన కత్తిని భార్యకు చూపబోయాడు. చెంచులక్ష్మి అప్పటికే పిడి కొలత తీసుకుంటూ ఉంది.

మంగళవారం. ఆత్మకూరు. జంబీరసామ్రాజ్ఞి సభ.

రామసుబ్బమ్మ కత్తిని తీసుకొని, పిడి చూసి, పిడి బాగుండాదని చెంచులక్ష్మిని పొగిడి, అలుగు గురించి ఏమీ అనకుండా కోయడం మొదలుపెట్టింది. పద్నాలుగు మందీ చుట్టూ చేరారు. ఇరవై. నలభై. అరవై. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు, నిమ్మకాయలు శత్రుసైనికుల శిరస్సుల వలె దొర్లిపడ్డాయి. తర్వాత ఆమె ఒక గిన్నెలో నిమ్మరసం పిండి, గుప్పెడు ఉప్పు వేసి, కత్తిని దాంట్లో ముంచి పక్కన పెట్టింది. అన్నం తిని, ఒక కునుకు తీసి వస్తానని ఇంట్లోకి పోయింది.

ఆ మూడు గంటలు మాల్యాద్రి పడ్డ యాతన ఏ శరతల్పం మీదా ఎవరూ పడి ఉండరు. గిన్నె పక్కనే కూర్చున్నాడు. రసంలో కత్తి కనపడీ కనపడకుండా ఉంది. ఒకసారి వేలు పెట్టబోతే ఒకామె దగ్గింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కొలిమిలో తగినంత కాల్చానా, రెండు గంటలకు పది నిమిషాలు తగ్గిందా, పఫ్‌లు తింటూ గడియారం సరిగా చూశానా, ఇవే ఆలోచనలు. లోపలినుంచి రామసుబ్బమ్మ గురక వినిపిస్తోంది. ప్రశాంతమైన గురక. న్యాయమూర్తులు ఇట్లాగే నిద్రపోతారు కాబోలు అనుకున్నాడు.

మూడు గంటలకు ఆమె లేచి వచ్చి, గిన్నెలోంచి కత్తి తీసి వెలుతురులో పట్టింది. అలుగు మధ్యలో, ఆవగింజంత, ఒక ఎర్రటి చుక్క.

 మాల్యాద్రి కళ్ళ ముందు నవ్వే టమాటాలు వరసగా నిలబడ్డాయి. రామసుబ్బమ్మ ఆ చుక్కను బొటనవేలితో రుద్దింది. పోయింది. వేలు నాలుకకు ఆనించుకొని చూసింది.

"కారం" అన్నది.

ఒక నిమ్మకాయ తీసి కోసింది. అంచు వైపు చూసింది. ఇది ఏం స్టీలని అడిగింది. మాల్యాద్రి లోలోపల లెక్క వేసుకున్నాడు. ఎక్కడ కొన్నదీ చెప్పనని మాట ఇచ్చాడు గాని, పేరు దాస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు. అబద్ధం చెబితే ఈమె కనిపెడుతుంది. నిజం చెబితే కత్తి విసిరికొడుతుంది. నేల వైపు చూస్తూ, నాలుగు వందల ఇరవై అమ్మా అన్నాడు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

రామసుబ్బమ్మ నవ్వలేదు.

"ఆ నంబరోళ్ళు ఈ తాలూకాలో శానామంది ఉండారు. పనికొచ్చేది ఇదొక్కటే. ఇంకా పదకొండు తీసకరా."

పన్నెండు కావాలి కదమ్మా, ఇది చూపించను తెచ్చింది అని మాల్యాద్రి చెప్పబోయాడు. ఆమె అప్పటికే ఆ కత్తిని కడిగి, కొంగుతో తడి లేకుండా తుడిచి, షెడ్డులో ఎవరి బల్ల మీదా పెట్టకుండా లోపలికి తీసుకుపోయి, పట్టుచీరలుండే బీరువాలో పెట్టి తాళం వేస్తూ ఉంది.

సకల లోకాలకూ, అందులో ముఖ్యంగా ఆత్మకూరు, ఉదయగిరి మండలాల ప్రజలకూ తెలియజేయడమేమంటే: ఆ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, సమ్మెటధారి మాల్యాద్రి చేసిన కత్తి కింద, మూడు గంటలు ఉప్పునిమ్మరసంలో మునిగి లేచిన తర్వాత, ఒకానొక నిమ్మకాయ ఎనిమిది ముక్కలైంది. ముక్కలు నల్లబడలేదు.